వేడినీళ్ల వంతు

ఒక గృహమునందు స్త్రీపురుషులకును, పెద్దలకును పిన్నలకును, యజమానులకును పనివారికిని ఎట్టి మర్యాద జరుగుచున్నదో తెలిసికొనుటకు ఆ యింటివారి మాటలను వినుటకన్న, మాఘమాసపు ప్రాతఃకాలమున వారి స్నానముల క్రమమును గమనించుట మేలు. వేడినీళ్లు మొదట నెవరికి చేరును? కడపట నెవరికి చేరును? ఎవరికి చేరనే చేరవు? ఈ మూడు ప్రశ్నలకు వచ్చు సమాధానములలో ఆ సంసారపు ధర్మశాస్త్రమంతయు నిమిడియుండును.

గడచిన శీతకాలమున మేము మా యింటికి వేడినీళ్ల యేర్పాటును క్రొత్తగా చేయించితిమి. ఆ సందర్భమున మాకు తెలియవచ్చిన విషయములు ఇతర కుటుంబములకును ఉపయోగపడునని తలచి యిచట వ్రాయుచున్నాము. గొట్టములును కుళాయిలును వ్యాసమునకు తగిన వస్తువులా యని కొందఱు చదువరులు శంకింపవచ్చును. వంటయింటిలోను స్నానపుగదిలోను ప్రవేశింపని సంస్కారము సభామందిరమునందే నిలిచిపోవునని మా నమ్మకము.

మా స్వగ్రామము గుంటూరు జిల్లాలోనిది. మా బాల్యమున పెరటిలో మూడు రాళ్ల పొయ్యిమీద పెద్ద రాగికాగు ఉండెడిది. ప్రత్తికట్టెయు పిడకలును దానికి వంటచెఱకు. మా నాయనమ్మగారు తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి, నూతియొద్ద చన్నీళ్లు తలపై క్రుమ్మరించుకొని, మడి కట్టుకొని, పిమ్మట ఆ పొయ్యి రగిలించుచుండిరి. మొదటి వంతు తాతగారిది, రెండవది పినతండ్రులది, తరువాత బడికి పోవు మగపిల్లలము, ఆపైని ఆడపిల్లలు, కడపట కోడండ్రు. కాగులోనుండి ఒక చెంబు వేడినీళ్లు తోడినవారు ఒక చెంబు చన్నీళ్లు పోసి పోవలెనని నియమము. అందుచేత ఒక్కొక్కరి స్నానముతో కాగు చల్లబడుచు, కోడండ్ర వంతు వచ్చునప్పటికి పొయ్యిలో బూడిదయు, కాగులో చలి విఱిగిన నీళ్లును మిగులుచుండెను. పాలేరునకు వంతే లేదు. అతనికి కాలువ యున్నది. ఆ యింటి స్త్రీకి తనివితీర వేడినీళ్లు దొరకుట ఆమె బాలింతరాలై యున్నప్పుడు మాత్రమే. వేడినీళ్లకు చన్నీళ్లు తోడని మనవారు పరస్పర సహాయమును గుఱించి చెప్పుకొను సామెత యొకటి కలదు. మా పెరటిలో వేడినీళ్లు పురుషుల పాలును, చన్నీళ్లు స్త్రీల పాలునై యుండెను.

మా నాయనమ్మగారికి వేడినీళ్లు పడవని యింట నందఱును అనుకొనుచుండిరి. ఆమెయు నట్లే చెప్పుచుండిరి. ఎనుబది యేండ్లు దాటిన పిమ్మట ఆమె మంచము పట్టినప్పుడు, మా తల్లిగారు వేడినీళ్లలో గుడ్డ ముంచి ఆమె వీపు తుడిచిరి. ఆమె కన్నులు మూసికొని, "ఎంత హాయిగా ఉందే, అమ్మాయీ!" అనిరి. అరువదియేండ్లు ఇంటిల్లిపాదికిని నీళ్లు కాచిన మనిషి ఆ మాట నన్నడు అనవలసివచ్చెను. వేడినీళ్లు ఆమెకు పడకపోలేదు. ఆమె వంతులో పడలేదు.

ఇప్పుడు మా నివాసము హైదరాబాదునందలి కొండాపూరు. 1998వ సంవత్సరము నవంబరు నెలలో నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు సైబర్ టవర్సు భవనమును ప్రారంభించునాటికి మాదాపూరు, కొత్తగూడ, కొండాపూరు నగరపు టంచున నున్న పల్లెలు. నేడు వానిని సైబరాబాదు అనుచున్నారు. మా తండ్రిగారు కట్టించిన క్రింది యంతస్తుమీద మా తమ్ముడు మఱియొక యంతస్తు వేసెను. అతడును అతని భార్యయు హైటెక్ సిటీలోని కంపెనీలలో పనిచేయుదురు. మా తల్లిగారు, మేము దంపతులము, మా కుమారుడు, కుమార్తె, తమ్ముడు, మరదలు, వారి బిడ్డ, వెరసి ఎనమండుగురము. స్నానపుగదులు నాలుగు. గీజరు మాత్రము ఒకటి, ఇరువదియైదు లీటర్లది, అదియును మా గదిని ఆనుకొనియున్న స్నానపుగదిలోనిది. తక్కినవారు బకెట్టులో హీటరు కడ్డీ వేసికొని నీళ్లు కాచుకొనుచుండిరి. ఆ కడ్డీని మీట ఆపక ముట్టుకొని ప్రాణములు పోగొట్టుకొన్నవారిని గుఱించి మనము పత్రికలలో చదువుచునే యున్నాము.

ఉదయము ఏడు మొదలు తొమ్మిది గంటలలోపల అందఱును బయలుదేరవలెను. మేము పాఠశాలకు, పిల్లలు చదువులకు, తమ్ముడు కార్యాలయమునకు. మరదలు అమెరికావారితో రాత్రి ఒంటిగంటవఱకు మాటలాడి, మరల తొమ్మిదింటికి సిద్ధపడవలెను. ఆమె జీతము మా తమ్ముని జీతమునకు తీసిపోదు. అయినను ఆమె వంతు అతని తరువాతనే. మా యిల్లాలు అయిదింటికి లేచి క్యారియర్లకు వంట చేయవలెను; నీళ్లు కాగువఱకు వంట ఆగదు గనుక ఆమె చన్నీళ్లతోనే స్నానము ముగించుచుండెను. పొయ్యి పోయినది, కాగు పోయినది, ప్రత్తికట్టె పోయినది; వరుస మాత్రము పోలేదు. పదునాలుగేండ్ల మా కుమార్తె యొకనాడు, "నాన్నా, మన యింట్లో గీజరు ఎవరిది?" అని యడిగెను. అందఱి డబ్బుతో కొన్నదే యని మేము చెప్పబోవుచుండగా, "డబ్బు సంగతి కాదు" అనెను. ఆ ప్రశ్నయే మా ప్రయత్నమునకు మూలము.

మొదట లెక్క చూచితిమి. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కిలోకేలొరీ కావలెను. ఒక యూనిట్టు విద్యుత్తు సుమారు 860 కిలోకేలొరీలకు సమానము. చలికాలమున మిద్దెమీది తొట్టిలోని నీరు ఇరువది డిగ్రీలనియు, స్నానమునకు నలువది డిగ్రీలు చాలుననియు అనుకొందము. ఇరువది లీటర్ల బకెట్టు స్నానమునకు రమారమి అర యూనిట్టు పట్టును. షవరు నిమిషమునకు ఎనిమిది లీటర్లు వదలునట్టిదైనచో, ఎనిమిది నిమిషములకు అరువదినాలుగు లీటర్లు. అనగా మూడు బకెట్లకు పైమాట, యూనిట్టున్నర విద్యుత్తు. మా గీజరులోని ఇరువదియైదు లీటర్లు అరువది డిగ్రీలకు కాగినను, వానిని చన్నీళ్లతో తొరపినచో ఏబది లీటర్లగును. ఒక్క షవరు స్నానమునకైనను చాలవు. అది మరల కాగుటకు రెండు కిలోవాట్ల గీజరునకు ముప్పదియైదు నిమిషములు పట్టును. కడపటివారికి చన్నీళ్లు మిగులుట యెవరి దుర్మార్గమును కాదు, లెక్కయే యట్లున్నది. ఆ లెక్క ప్రతిదినమును ఒకరి మీదనే పడుట మాత్రము లెక్క కాదు, ఆచారము.

కుళాయిమేస్త్రీ మొదట చెప్పిన యుపాయము నాలుగు గదులకు నాలుగు గీజర్లు. సులభమే. కాని నాలుగును ఏకకాలమున పనిచేసినచో ఎనిమిది కిలోవాట్లు. మా యింటికి మంజూరైన భారము అయిదే. తీగెలు మార్చవలెను, మంజూరు పెంచుకొనవలెను, నెలనెలకు బిల్లు పెరుగును. రెండవది గ్యాసు గీజరు. అది నీటిని అప్పటికప్పుడు కాచును, నిలువ యక్కఱలేదు. దాని మూలపురుషుడు 1868లో లండనునందు బెంజమిన్ మాఘన్ అను చిత్రకారుడు కల్పించిన యంత్రము. ఐస్లాండు ద్వీపమున వేడినీళ్లు చిమ్ము ఊటపేరు దానికి పెట్టెను. నేడు మన యిండ్లలో పలుకుచున్న గీజరు అను మాట యదియే. ఆ యంత్రమునకు పొగగొట్టము లేకుండుట పెద్ద దోషము. నూటయేబది యేండ్లు గడచినను, గాలి యాడని స్నానపుగదిలో గ్యాసు గీజరు పెట్టి, వాసనయు రంగును లేని కార్బన్ మోనాక్సైడు వాయువునకు మన నగరములలో మనుష్యులు బలియగుచునే యున్నారు. పెట్టదలచినవారు దానిని గది వెలుపల, గాలి బాగుగ వీచుచోటనే పెట్టింపవలెను. మూడవది హీట్ పంపు. అది గాలిలోని వేడిని లాగి నీటికి చేర్చును. ఒక యూనిట్టు ఖర్చుతో సుమారు మూడు యూనిట్ల వేడి నిచ్చును. మిద్దెమీద హక్కు లేని బహుళాంతస్తుల వాసులకు అది తగినది.

మాకు మిద్దె యున్నది. తెలంగాణమున నెండకు కఱవు లేదు. కావున సూర్యతాపముతో కాగు మున్నూఱు లీటర్ల తొట్టిని కోరితిమి. అరువది డిగ్రీల మున్నూఱు లీటర్లను తొరపిన ఆఱు వందల లీటర్లు; తొమ్మిది షవరు స్నానములు. నూఱు లీటర్లకు రెండు చదరపు మీటర్ల చొప్పున పలకలు కావలెను. వానకాలపు మబ్బుదినములకై తొట్టిలోనే యొక విద్యుత్ కాయిలు అమర్చించితిమి.

ఈ సౌరయంత్రము చరిత్రయందు మాకొక విషయము వింతగా తోచెను. 1891లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున క్లారెన్స్ కెంప్ అను వ్యాపారి దీనికి పేటెంటు పొంది, క్లైమాక్స్ అను పేర విక్రయించెను. అతడు మొదట దానిని ఎవరికి అమ్మజూచెనో వినుడు. వేసవిలో భార్యలును పనికత్తెలును చల్లని ప్రదేశములకు పోగా, ఇంట నొంటిగా మిగిలి, పొయ్యి వెలిగించుట చేతగాని పెద్దమనుష్యులకు! నీళ్లు కాచు పని పురుషుని నెత్తిపై పడిన తోడనే దానిని సూర్యునకు అప్పగించు నుపాయము అమ్మకమునకు వచ్చెను. గోలకొండయొద్ద కుతుబ్‌షాహీ సమాధుల తోటలో ఒక హమాము నేటికిని నిలిచియున్నది. రాజకుటుంబమువారి మృతదేహములకు అంత్యస్నానము అందు జరుగుచుండెడిదని చెప్పుదురు. వేడినీళ్ల నేర్పాటు చేయు విద్య యీ ప్రాంతమునకు క్రొత్తది కాదు. కొఱత యెన్నడును విద్యయందు లేదు, వంతునందే యున్నది.

ఇక నెవరైన ఇట్టి పని తలపెట్టినచో జాగ్రత్తపడవలసిన విషయములు కొన్ని కలవు. మొదటిది గొట్టము. ఇరువది మిల్లీమీటర్ల గొట్టములో మీటరునకు దాదాపు మూడవవంతు లీటరు నీరు నిలిచియుండును. మిద్దెనుండి క్రింది యంతస్తులోని దూరపు గదికి ముప్పది మీటర్లు. వేడినీరు వచ్చులోపల అరబకెట్టు చన్నీరు వృథాగా పోవును. ఎనమండుగురకు నాలుగు బకెట్లు. 1908 నాటి మూసీ వఱదల పిమ్మట కట్టిన గండిపేట చెఱువు 1920లో పూర్తియైన నాటినుండి ఈ నగరము నీటికై దూరము దూరము పోవుచునే యున్నది. మంజీర, కృష్ణ, గోదావరి, అన్నియు వచ్చినవి. అయినను 2024 వేసవిలో మా ప్రాంతమున బోరుబావులు ఎండి, జనులు ట్యాంకరు నీటికై పడిగాపులు కాచిరి. అట్టిచోట దినమునకు నాలుగు బకెట్లు పాఱబోయుట తగదు. గొట్టములకు వెచ్చదన మాగు తొడుగు వేయించి, శాఖలను సన్ననివిగా, దారిని కుఱుచగా చేయించితిమి. అప్పటికిని వచ్చు చన్నీటిని బకెట్టులో పట్టి మొక్కలకు పోయుచున్నాము.

రెండవది నీటి యొత్తిడి. తొట్టి పదిమీటర్ల యెత్తున నున్నప్పుడే క్రింద బలముగ పడును. మేడమీది గదికి తొట్టి రెండు మూడు మీటర్ల పైని మాత్రమే యుండును గనుక షవరు ధార నీరసముగ నుండును. పంపు పెట్టుదమా యన్నచో, గాలిగొట్టముతో తెఱచియుండు సాధారణ సౌరతొట్టి ఆ యొత్తిడికి ఓర్వదు. అందులకు వేఱు తొట్టి యుండును. చన్నీటికి మాత్రమే పంపు పెట్టిన యెడల చన్నీరు వేడిగొట్టములోనికి ఎక్కిపోవును. రెండింటికిని సమానమైన యొత్తిడి కావలెను. మూడవది కఱకునీరు. మన రాతినేలలోని బోరునీటిలో సున్నము మెండు. అది కాయిలుమీదను సౌరగొట్టములలోను పెచ్చుకట్టి వేడిని అడ్డగించును. త్రాగునీటిలో కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములు మించకుండుట మేలని భారతీయ ప్రమాణము. మా బోరునీరు దానిని మించినదగుటచే, బోరునీరు నేరుగా పలకలలో పాఱకుండ మార్పిడి యుపకరణము గల దానిని తీసికొంటిమి. నాల్గవది వేడిమి. తొట్టినీరు చాలకాలము గోరువెచ్చగా నిలిచినచో సూక్ష్మజీవులు పెరుగును. 1976లో ఫిలడెల్ఫియాలో బయటపడిన లీజనేరు వ్యాధి అట్టి నీటినుండి పుట్టునదే. అందుచే నిలువనీరు అరువది డిగ్రీలుండవలెను. కాని ఆ నీరు కొన్ని క్షణములలో చర్మమును కాల్చును. పిల్లలును వృద్ధులును గల యింట కుళాయియొద్ద వేడిని తగ్గించు కవాటము తప్పక యుండవలెను.

ఇవన్నియు మేస్త్రీతో తేల్చుకొనుట సులభముగనే జరిగెను. గొట్టమెంత దూరము పోవలెనన్న ప్రశ్నయొద్దనే యింట వాదము పుట్టెను. నాలుగు స్నానపుగదులకును వంటయింటికిని అందఱును సమ్మతించిరి. మా యిల్లాలు మఱియొక కుళాయి నడిగెను: పెరటిలో గిన్నెలు తోము గట్టునకు. అచ్చట పనిచేయునది పాలమూరు ప్రాంతమునుండి వచ్చిన యొక యువతి. ఆమె ఆఱు గంటలకే వచ్చును. మా యింటితో కలిపి దినమునకు అయిదిండ్లలో గిన్నెలు తోమును. పుష్యమాసమున ఆ నీటిలో చేయి పెట్టి చూచినవారికే దాని సంగతి తెలియును.

తమ్ముడు, "అన్నయ్యా, అది మరో పన్నెండు మీటర్ల పైపు. తొట్టి మూడు వందలది కాదు, నాలుగు వందలది కావాలి" అనెను. లెక్కలో నతడు చెప్పినది నిజమే. మా తల్లిగారు, "గిన్నెలకు వేడినీళ్లేమిటి నాయనా? నేనూ మీ నాయనమ్మా జన్మంతా చన్నీళ్లతోనే తోమలేదూ?" అనిరి. ఆ మాటతో మా మరదలు తలయెత్తి, "అందుకేగా అత్తయ్యా, ఇప్పుడు మీ వేళ్లు వంగడం లేదు" అని మెల్లగా ననెను. ఆమె యా యింటికి వచ్చిన పదియేండ్లలో అత్తగారికి ఎదురు చెప్పుట మేము వినలేదు. మా తల్లిగారు కోపింపలేదు. తమ చేతులను కొంతసేపు చూచుకొని, "మీ యిష్టం" అని లోనికి పోయిరి.

ఆ యువతినే యడిగితిమి. "మీరు వెట్టిస్తే వెట్టియ్యుండ్రి సారూ. చలికాలం పొద్దుగాల ఏళ్లు కొంకర్లు వోతయి. గని నాకోసమని అమ్మగారితోని లొల్లి వెట్టుకోకుండ్రి" అనెను. తన సుఖము మనయింటిలో కలహమునకు కారణమగునేమో యని ఆమెకు భయము. తరతరములుగ కడపటి వంతు నిలబడినవారికి అలవడిన వినయ మిది. దీనిని చూచి సంతోషించుట మనకు తగదు.

నాలుగు వందల లీటర్ల తొట్టియే వచ్చినది. తోము గట్టునకు గొట్టము పోయినది. పెరటిలోని నాల్గవ గదికిని పోయినది. పని ముగిసిన పిదప ఆమె కావలసినప్పుడు ఆ గదిలో స్నానము చేసి పోవచ్చునని మా యిల్లాలు చెప్పెను. కొన్ని వారములు ఆమె సంకోచించెను. ఇప్పుడు శనివారములందు తలంటుకొని పోవుచున్నది. మరదలు ఏడున్నరకు తన గదిలో స్నానము చేయుచున్నది. అదే సమయమున క్రింద మా కుమార్తెయు. ఎవరి వంతు ముందని యడుగువారు లేరు. పెరటి కుళాయిని ఎక్కువగ వాడువారెవరన్నచో, మా తల్లిగారే! తెల్లవారగనే పూజసామగ్రిని అచ్చట కడుగుకొని, కీళ్ళనొప్పికి పాదములమీద కొంతసేపు ఆ వేడినీళ్లు పోసికొనుచున్నారు. దానిని గుఱించి వారును మాటలాడరు, మేమును మాటలాడము.

చదువరులారా, ఇది మా యొక్క యింటి కథ కాదు. హైటెక్ సిటీ చుట్టును ఆకాశమునంటు భవనములలో పడకగదికొక స్నానపుగది, గదికొక గీజరు ఉన్నవి. ఆ గదులను ప్రతిదినము కడుగు స్త్రీ వానిని వాడుటకు పెక్కిండ్లలో అనుమతి లేదు. ఆ భవనములను కట్టిన కూలీలు రేకుల పాకలయొద్ద పీపాలలోని చన్నీటితో స్నానము చేసిరి. రాత్రియంతయు ద్వారముకడ కూర్చుండు కాపలాదారు తెల్లవాఱి ముఖము కడుగుకొనుటకు మొక్కల గొట్టమును వెదకుకొనును. మన తాతలు జాతికులములపేర వంతులు నిర్ణయించిరని మనము నిందింతుము. మన గొట్టము లెక్కడ నాగిపోవుచున్నవో మాత్రము చూడము.

కావున నిట్టి యేర్పాటు చేయింపబోవువారికి మా మనవి యొక్కటి. మేస్త్రీని పిలుచుటకు ముందు ఒక కాగితముపై ఇంటిలో నీళ్లు ముట్టుకొను వారందఱి పేర్లును వ్రాయుడు. జీతమునకు వచ్చువారినికూడ విడువక వ్రాయుడు. ప్రతి పేరునెదుట ఆ వ్యక్తి యే వేళ, ఏ కుళాయియొద్ద నుండునో వ్రాయుడు. తొట్టి పరిమాణమును ఆ కాగితమునుబట్టి నిర్ణయింపుడు. పెద్దగదిని బట్టి కాదు. ధనము చాలనిచో షవర్లు తగ్గించి బకెట్లు వాడుడు. ఒక షవరు మూడు బకెట్లని చెప్పియున్నాము. సుఖమును తగ్గించుకొనవలసివచ్చినప్పుడు అందఱికిని కొంచెము కొంచెము తగ్గింపుడు. ఒకరికే పూర్తిగ తగ్గింపవలదు. సూర్యుడు మిద్దెమీద కాచిన నీళ్లకు ఎవరు యజమానులో, ఎవరు పనివారో తెలియదు. ఆ భేదమును గొట్టములలో పెట్టువారము మనమే.